మూడు వారాల పిల్ల

మొన్న పొద్దున మా మనవడు బడి ఎగ్గొట్టడానికి కడుపు పట్టుకుని మంచం మీద మెలికలు తిరిగాడు. మా అమ్మాయి వాడి గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుని "నిజంగానా?" అని ఒక్క మాట అడిగింది. వాడు పక్కున నవ్వేశాడు. ఐదు నిమిషాల్లో బూట్లేసుకుని ఆటో ఎక్కాడు. ఇంట్లో అందరూ నవ్వుకున్నారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆ ప్రశ్న అడిగేవాళ్ళు లేరు.

మా నాయన ఆళ్లగడ్డలో డాక్టరు. గుండెకొకరు, కంటికొకరు, మోకాలికొకరు డాక్టర్లు లేని కాలం అది. కాన్పు దగ్గర్నుంచి తేలుకాటు దాకా అన్నిటికీ ఆయనే. మా ఇంటి ముందు గదే ఆస్పత్రి, దాని ముందున్న వసారా రోగులు కూర్చునే చోటు. ఇంట్లో ఎప్పుడూ స్పిరిటు వాసన, గాజు సిరంజీలు ఉడికే నీళ్ళ ఆవిరి. మా అమ్మ తిరగమాత పెట్టినా ఆ స్పిరిటు వాసన పోయేది కాదు. రోగులు మందుకోసం ఎవరి సీసా వాళ్ళే తెచ్చుకోవాలి. ఆముదం సీసాలు, సారా సీసాలు, అత్తరు సీసాలు, ఏవంటే అవి తెచ్చేవాళ్ళు. కాంపౌండరు మామ వాటిని వేణ్ణీళ్ళతో కడిగి, ఎర్ర మిక్చరు పోసి, తెల్ల కాగితాన్ని మెట్లు మెట్లుగా కత్తిరించి బంకతో సీసాకు అంటించేవాడు. ఒక్కో మెట్టు ఒక్కో పూట మోతాదు. అజీర్తికిచ్చే మిక్చరు తియ్యగా, కారంగా ఉండేది. మామ అటు తిరిగినప్పుడల్లా కొలత గ్లాసు అడుగున మిగిలింది నాకేసేదాన్ని. నేను అజీర్తి అన్నది తెలియకుండా పెరగడానికి అదే కారణమని మామ ఎగతాళి చేసేవాడు.

నాయనకు ఒక పద్ధతి ఉండేది. రోగి వచ్చి ఎదుట కూర్చోగానే "చెప్పప్పా" అనేవాడు. ఆ తర్వాత నోరు మెదిపేవాడు కాదు. చాగలమర్రి వైపు నుంచి ఒక పెద్దాయన దగ్గు చూపించుకోవడానికి వచ్చి, తన ఎద్దుకు కాలు ఎట్లా బెణికిందో మొదలుపెట్టేవాడు. ఎద్దును ఏ సంతలో కొన్నాడో, అమ్మినవాడు ఎంత మోసగాడో, అన్నీ చెప్పేవాడు. బయట వసారాలో ముప్పై మంది కూర్చుని ఉంటారు. కాంపౌండరు మామ తలుపు సందులోంచి కళ్ళెర్రజేసేవాడు. నాయన మాత్రం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆ ఎద్దు కథ మొత్తం వినేవాడు. చివరికి ఆ పెద్దాయన "అది పడుకుంటే నేనూ కొట్టంలోనే పండుకుంటాండ సార్, ఆ తేమకే ఈ దగ్గు" అనేవాడు. ఆయన పోయాక నాయన మామతో "చూడు, రోగం వాళ్ళే చెప్తారు. మనం నోరు మూసుకుంటే చాలు" అనేవాడు. ఎవరైనా నొప్పి అంటే అది నొప్పే. అబద్ధం చెప్తున్నారేమో అన్న అనుమానం ఆయనకు వచ్చేదే కాదు.

ఊళ్ళో వాళ్ళంతా ఆయన్ని దేవుడనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. ఎద్దు కథ వినడానికి తీరిక ఉంది, నా బళ్ళో ఏం జరిగిందో వినడానికి లేదు. నాకు జలుబు చేస్తే తలెత్తకుండానే "వేణ్ణీళ్ళు తాగు పాపా, పోతాది" అనేవాడు. నమ్మేవాడు, కానీ లేచి వచ్చేవాడు కాదు. జ్వరమొస్తే అమ్మ మిరియాల కషాయమే దిక్కు. ఒకసారి ఏడుస్తూ అమ్మకు చెప్పుకుంటే, రొట్టె తడుతూ "మీ నాయనతో మాట్లాడాలంటే పోయి బెంచీ మింద కూచో, నీ వంతు వస్తాది" అంది. ఆమె వేళాకోళానికి అంది. నేను నిజంగానే పోయి బెంచీ మీద కూర్చున్నాను. నా ముందు పదకొండు మంది. నా వంతు వచ్చేసరికి నాయన తలెత్తి చూసి "ఏందీ పాపా, ఆడుకో పో" అని, నా వెనకాలున్న గజ్జి పిల్లవాణ్ణి పిలిచాడు.

రోగులందరి మీదా నాకు కుళ్ళు ఉన్నా, అసలు కుళ్ళు ఒక్కదాని మీదే. శిరివెళ్ల పక్కన పల్లె నుంచి వచ్చే పిల్ల. నా ఈడుదే. సన్నగా, పొడుగ్గా, నూనె కారే రెండు జడలతో ఉండేది. వాళ్ళ నాయన కూలి పనిచేసేవాడు. ఆ పిల్లకు కీళ్ళ జ్వరం వచ్చిపోయింది. అది గొంతునొప్పితో మొదలై, కీళ్ళ మీద తిరిగి, చివరికి గుండెలో కూర్చునే జబ్బు. మళ్ళీ రాకుండా ఉండాలంటే మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది వేయించుకోవాలి. ఒక్కటీ తప్పకూడదు, పెద్దదయ్యేదాకా మానకూడదు. అందుకే మా ఇంట్లో ఆ పిల్లను మూడు వారాల పిల్ల అనేవాళ్ళం.

నాయన గోడ క్యాలెండరు మీద ఆ పిల్ల రోజులకు ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టేవాడు. నా పుట్టినరోజుకు సున్నా లేదు. సున్నా ఉన్న రోజు పొద్దున్నుంచీ వీధి వైపు చూస్తూ ఉండేవాడు. వాళ్ళు బస్సు దిగి కనిపిస్తే "వచ్చిందిరా నా తల్లి" అనేవాడు. ముందు ఆ పిల్ల గుండె మీద స్టెతస్కోపు పెట్టి, కళ్ళు మూసుకుని, వసారాలో ఎంతమంది గోల చేస్తున్నా వినపడనట్టు వినేవాడు. తర్వాత వరసగా అవే ప్రశ్నలు. "గొంతు నొచ్చిందా? మోకాలు వాచిందా? ఆడ తగ్గి మోచేతికి వచ్చిందా? నడిస్తే ఆయాసం వస్తాందా?" ఆ సూది మందు పాలలా చిక్కగా ఉంటుంది, లావు సూది, పెద్దవాళ్ళు కూడా కేకలు పెట్టేవాళ్ళు. ఆ పిల్ల వాళ్ళు క్రైస్తవులు. సూది వేసేముందు ఆ పిల్ల కళ్ళు మూసుకుని చిన్నగా ప్రార్థన చేసుకునేది. నాయన సిరంజీ చేతిలో పట్టుకుని, ఆ పిల్ల "ఆమేన్" అనేదాకా ఆగేవాడు. కలెక్టరు వచ్చినా ఆగని మనిషి.

సూది వేశాక అరగంట కళ్ళ ముందే ఉండాలని ఇంట్లోకి తెచ్చి కూర్చోబెట్టేవాడు. అమ్మ నా స్టీలు గ్లాసులోనే పాలిచ్చేది. ఓళిగలు చేసిన రోజైతే నెయ్యేసి ఒకటి పెట్టేది. ఆ పిల్ల కుంటుకుంటూ వచ్చి, తల వంచుకుని తిని, గ్లాసు కడిగి బోర్లించి పోయేది. నాతో మాట్లాడాలని ఒకటి రెండుసార్లు నవ్వింది. నేను పుస్తకం అడ్డం పెట్టుకున్నాను. ఆ గ్లాసును మళ్ళీ బూడిదేసి తోముకున్నాను.

ఆ ప్రశ్నలు తలుపు చాటున విని విని నాకు ఎక్కాల్లా నోటికొచ్చాయి. ఒక వేసవి పోయి బడులు తెరిచిన రోజుల్లో నాకు ఆ బుద్ధి పుట్టింది. మొదట గొంతునొప్పి అన్నాను. వేణ్ణీళ్ళు తాగమన్నాడు. తాగాను. పది రోజులు ఓపిక పట్టాను. తర్వాత ఒక మధ్యాహ్నం నాయన అన్నం తింటూ ఉంటే పక్కన కూర్చుని, "నాయనా, మోకాలు నొస్తాంది" అన్నాను. "పడినావా?" అన్నాడు. "లేదు. నిన్న ఈ మోకాలు. ఈ పొద్దు అది తగ్గి మోచెయ్యి నొస్తాంది. బడి మెట్లెక్కితే ఆయాసం వస్తాంది" అన్నాను.

నాయన చేతిలో ముద్ద కంచంలో పడింది. చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా లేచి, ముందు గదికి పోయి స్టెతస్కోపు తెచ్చి, నా ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. నా మోకాలు నొక్కాడు. "హా" అన్నాను. మోచెయ్యి నొక్కాడు. "హా" అన్నాను. చల్లటి బిళ్ళ నా రొమ్ము మీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు. ఆయన ఊపిరి నా మెడకు తగులుతోంది. అంత దగ్గరగా ఆయన మొహం చూడటం నాకు అదే మొదలు. మీసంలో రెండు తెల్ల వెంట్రుకలున్నాయి. ఆయన ఎప్పటికీ అలాగే వింటూ ఉండాలని నాకు అనిపించింది.

ఆయన కళ్ళు తెరిచి లేచాడు. వంటింట్లోకి పోయి అమ్మతో మెల్లగా చెప్తూ ఉంటే విన్నాను. "ఏదో శబ్దం ఉన్నట్టుండాది, లేనట్టుండాది. ఇంట్లో బిడ్డ గుండె నాకు వినపడడం లేదు. నా చెవుల మింద నాకే నమ్మకం లేదు. రేపు నంద్యాలకు తీసుకపోతా." అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు కొంచెం భయమేసింది. అప్పుడే క్యాలెండరు వైపు చూశాను. రేపటి మీద ఎర్ర సున్నా ఉంది. నాయన ఆ వైపు చూడలేదు. ఆయన మరిచిపోయాడు. నేను చెప్పలేదు. చెప్పకపోగా, నాకు కలిగింది పట్టరాని సంతోషం.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాం. నాయన నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఒక చెయ్యి నా భుజం చుట్టూ వేశాడు. బస్సులో తెలిసినవాళ్ళు "ఏం సార్, ఇట్లా వచ్చినారు" అంటే "మా పాపకు బాగలేదు" అన్నాడు. మా పాప అన్న మాట నేను లోపల పదిసార్లు చెప్పుకున్నాను. శిరివెళ్ల మెట్ట దగ్గర బస్సు ఆగింది. రోడ్డుకు అవతల, ఆళ్లగడ్డ పోయే బస్సు కోసం ఆ పిల్ల, వాళ్ళ నాయన నిలబడి ఉన్నారు. ఆ పిల్ల ఉతికిన గౌను వేసుకుంది. నన్ను చూసింది. చెయ్యి ఎత్తింది.

ఒక్క మాట చాలు. "నాయనా, ఆ పిల్ల" అంటే ఆయన బస్సు ఆపి దిగేవాడు. లేదా వాళ్ళనే మాతో ఎక్కించుకుని నంద్యాలలో ఏ డాక్టరు దగ్గరో సూది వేయించేవాడు. నేను ముందుకు వంగి కిటికీకి అడ్డంగా తల పెట్టాను. "ఏం పాపా, వాంతొస్తాందా?" అని నాయన నా వీపు నిమిరాడు. బస్సు కదిలింది.

నంద్యాలలో నాయన స్నేహితుడు, పెద్ద డాక్టరు, నన్ను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. రక్తం తీయించాడు. సాయంత్రానికి కాగితం చూసి, "ఏందప్పా, బిడ్డ గుండె గుర్రం మాదిరుంటే నువ్వు ఏడుపు మొహం పెట్టుకోనొస్తివి. ఏమీ లేదు, పో" అన్నాడు. నాయన నవ్వాడు. నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. హోటల్లో ఇద్దరం ఎర్రకారం దోశలు తిన్నాం. ఆయన రెండు తిని మూడోది చెప్పాడు. బయట బండి దగ్గర నన్నారి షర్బత్తు తాగించాడు. తిరుగు బస్సులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. భుజం తిమ్మిరెక్కినా నేను కదల్లేదు. నిజం చెప్పొద్దూ, నా బాల్యంలో అంత మంచి రోజు ఇంకొకటి లేదు.

ఇంటికి రాగానే కాంపౌండరు మామ "ఆ శిరివెళ్ల పిల్ల వచ్చి మధ్యాహ్నం దాకా చూసి పోయింది సార్. రేపు రమ్మన్నా" అన్నాడు. నాయన చెప్పులు విప్పకుండానే క్యాలెండరు ముందుకు పోయి నిలబడ్డాడు. మర్నాడు ఎదురుచూశాడు. ఆ మర్నాడూ చూశాడు. వాళ్ళు రాలేదు. కార్డు రాశాడు, జవాబు లేదు. వారం తర్వాత స్కూటరు వేసుకుని వాళ్ళ పల్లెకే పోయాడు. ఇంటికి తాళం. అవుకు వైపు పనులున్నాయని ఇంటిల్లిపాదీ పోయారట. పక్కింటి ముసలమ్మ "పిల్ల బాగానే ఉండాది గదా సామీ, ఇంక సూదులేమిటికని మేమే చెప్పినాం" అందట.

చలి మొదలయ్యాక వచ్చారు. ఆ పిల్లను వాళ్ళ నాయన భుజం మీద మోసుకొచ్చాడు. కాళ్ళు వాచి ఉన్నాయి. పడుకుంటే ఊపిరి ఆడదు, కూర్చోబెడితేనే ఊపిరి. ఆయన గుమ్మంలోనే కూలబడి, "తప్పు నాదే సార్, ఆ పొద్దు మీరు లేకపోతిరి, ఇంగ మళ్ళా రాలేకపోయినా" అన్నాడు. నాయన "తప్పు నీది కాదప్పా, నాది. లెయ్" అన్నాడు. అది విన్నది నేను, ఆ మాటకు అసలు హక్కుదారుని.

ఆ పిల్లను మా ఇంట్లోనే, నా మంచం మీద పడుకోబెట్టారు. కాస్త తేరుకున్నాక కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోవాలని నాయన ఆలోచన. వీపు వెనక ఎత్తుగా ఉండాలని నా దిండు కూడా తీసి పెట్టారు. ఆ స్థితిలో కూడా, నా దిండు ఇచ్చారే అని నాకు కడుపు మండింది. దాచుకుంటే లాభమేముంది, అదే నా బుద్ధి. కానీ రెండో రోజు ఆ పిల్ల మెడ దగ్గర నరం కొట్టుకోవడం చూశాను. గుండె గౌను కింద కోడిపిల్లలా ఎగిరెగిరి పడుతోంది. నేను ఇక ఉండలేకపోయాను.

అమ్మ పాల కోసం పోయిన సమయం చూసి మంచం పక్కన నిలబడి మొత్తం చెప్పేశాను. మోకాలు నొప్పి అబద్ధమని, క్యాలెండరు చూసీ చెప్పలేదని. ఆ పిల్ల నా వైపే చూస్తూ వింది.

"ఆ పొద్దు బస్సులో నిన్ను చూసినా" అంది. మాట మాటకూ ఊపిరి తీసుకుంటోంది. "సార్ పక్కనుండాడని అనుకోలే."

"నాయనకు చెప్పేస్తా. కొడితే కొట్టనీ."

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. "వద్దు. చెప్పద్దు" అంది. "పిల్లోళ్ళు నొప్పని అబద్ధాలు చెప్తారని సార్‌కు తెలిస్తే, ఇంగ మా అట్లాంటోళ్ళం నొస్తాందంటే నమ్ముతాడా? బయట డాక్టర్లు ఎవురూ నమ్మరు. మీ నాయనొక్కడే నమ్మేది."

నేను ఏడ్చాను. పశ్చాత్తాపంతోనే అని చెప్పుకోవచ్చు, కానీ సగమే నిజం. మా నాయనలోని గొప్ప గుణమేదో, ఒకే ఇంట్లో ఉంటున్న నాకంటే ముందు ఆ పిల్లకు తెలిసిపోయింది. అందుకు కూడా నాకు అసూయ కలిగింది. ఇప్పటికీ అది పోలేదు.

నేను చెప్పలేదు. కర్నూలులో నెలన్నర ఉండి ఆ పిల్ల బతికి వచ్చింది. గుండె కవాటం మాత్రం పాడైపోయింది. మళ్ళీ ఎర్ర సున్నాలు మొదలయ్యాయి, మూడు వారాలకొకసారి వచ్చేది. పాలు నేనే ఇచ్చేదాన్ని, నా గ్లాసులోనే. ఇద్దరం అరగంట కూర్చునేవాళ్ళం. పెద్దగా మాట్లాడుకున్నదేమీ లేదు. పెద్దయ్యాక శిరివెళ్లలో కుట్టుమిషను పెట్టుకుంది. పెళ్ళి చేసుకోలేదు, కాన్పు గుండెకు ప్రమాదమని నాయనే వద్దన్నాడు. నా పెళ్ళి రవికెలన్నీ తనే కుట్టింది. మెడ దగ్గర కుట్టు ఒక్కటీ పోలేదు.

నలభై నిండకుండానే పోయింది. కబురు తెలిసేసరికి నాయన ప్రాక్టీసు మానేసి, చేతులు వణికే వయసులో ఉన్నాడు. నేను కారు మాట్లాడి ఆయన్ని తీసుకుపోయాను. సమాధి దగ్గర పాస్టరు ప్రార్థన ముగించేదాకా నాయన అందరికంటే వెనకాల, తల వంచుకుని నిలబడ్డాడు. తిరిగి కారులో బయలుదేరాం.

"ఇన్నేళ్ళు వైద్యం చేసినా, నా తప్పని చెప్పుకునేది అదొక్కటే" అన్నాడు. "ఆ పొద్దు ఆ పిల్ల సూది రోజని మరిచిపోయినా. నీకు నొప్పి అనేసరికి నాకు ఇంగేమీ గుర్తుకు రాలేదు."

నేను కారు డ్రైవరు వీపు వైపు చూస్తూ కూర్చున్నాను.

"అది తప్పే. కానీ మళ్ళా ఆ రోజు వచ్చినా నిన్నే తీసుకపోతా పాపా. ఏ తండ్రన్నా అంతే గదా. నీకు నిజంగా నొప్పుండె గదా."

నా చిన్నతనమంతా నేను ఆ మాట కోసమే కుళ్ళి కుళ్ళి చచ్చాను. అందరికంటే నేనే ముందని ఆయన నోటితో ఒక్కసారి వినాలని. విన్నాను. నాకు నిజంగా నొప్పి ఉందన్న ఒక్క మాటను పట్టుకునే ఆయన ఇన్నేళ్ళు తన తప్పును మోశాడని కూడా అప్పుడే తెలిసింది. అది లాగేస్తే ఆ ముసలాయనకు ఇంకేం మిగలదు.

నా మొహం ఎట్లా పెట్టుకున్నానో ఏమో, ఆయన వణికే చేత్తో నా మణికట్టు పట్టుకుని నాడి చూశాడు.

"ఏందీ పాపా, అట్లుండావు? యాడన్నా నొస్తాందా?"

"లేదు నాయనా" అన్నాను.

ఆయన నమ్మాడు.